నిన్న పలికిన స్వరం ఇవాళ ఎందుకు పలకదు? ట్రంపెట్ సాధకంలో సమస్య - పరిష్కారం

మల్కాజ్‌గిరిలో మా డాబా మీదికి ఆదివారం పొద్దున నలుగురైదుగురు పిల్లలు ట్రంపెట్లు పట్టుకుని వస్తారు. నెలకోసారైనా వాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. “సార్, మొన్న పై జి బాగానే వచ్చింది. ఇవాళ దాని కింది ‘ఈ’ స్వరం కూడా రావట్లేదు. నా లిప్ పోయింది.” నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ స్వరం పోయిందో తర్వాత చూద్దాం, ఎన్నో నిమిషంలో పోయింది? మౌత్‌పీస్ పెదాలకు ఆనించగానేనా, పావుగంట తర్వాతా, పాట చివరి చరణంలోనా, లేక ఇంట్లో బాగుండి బయటికెళ్తేనే పోతుందా? చాలామంది బుర్ర గోక్కుంటారు. ధ్యాసంతా పోయిన స్వరం మీదే ఉంటుంది కాబట్టి గడియారం ఎవరూ చూడరు.

నేనూ చాలా ఏళ్లు చూడలేదు. పై స్వరం పోయిందంటే ఆ పై స్వరాన్నే పట్టుకుని గంటసేపు కుస్తీ పట్టేవాణ్ని. మర్నాటికి దాని కింది స్వరం కూడా పోయేది.

కింద రాసినదంతా గడియారం వరసలోనే ఉంది. మీ ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుందో చూసుకుని నేరుగా ఆ చోటికి వెళ్లండి, మొత్తం చదవాలనేం లేదు. కానీ ఒక్క సంగతి మాత్రం అందరికీ అవసరం. వాల్వులేవీ (వేళ్లతో నొక్కే మూడు మీటలు) నొక్కకుండా ట్రంపెట్‌లో పలికే స్వరాలు కొన్నే. కాగితం మీది సి ని షడ్జమం అనుకుంటే, కింద నుంచి వరసగా స, ప, పై స, దాని మీద గ (అంటే ఈ), ప (అంటే పై జి), ఆపైన కాస్త తక్కువ శ్రుతిలో పలికే ఒక ని, ఆ తర్వాత మనం హై సి అని పిలుచుకునే స. కింద వీటి మధ్య దూరం ఎక్కువ. పైకి పోయేకొద్దీ పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. అందుకే కింద గురి కాస్త తప్పినా స్వరం నిలబడుతుంది, పైన అంతే తప్పితే పక్క స్వరంలోకి జారిపోతుంది. పై స్వరం పోయిందంటే తప్పు అక్కడే ఉందని కాదు. అదే తప్పు కిందంతా చేస్తూనే వచ్చాం, అక్కడ బయటపడలేదు, అంతే.

కడిగిన రోజునో, నూనె వేసిన రోజునో మొదలైతే

ఇది పెదాల సమస్య కాదు. వాల్వుల మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. మౌత్‌పీస్‌కి దగ్గరగా ఉండేది 1. అవి తారుమారైనా, తమ గాడిలో కూర్చోకుండా పక్కకు తిరిగినా గాలికి అడ్డం పడుతుంది. గోడకేసి ఊదినట్టు ఉంటుంది. టెన్షన్ పడకుండా విప్పి, నంబర్ చూసి, తిప్పుతూ టిక్ మని కూర్చునేదాకా పెట్టండి.

అలా కాకుండా వారాల తరబడి నెమ్మదిగా స్వరం బొంగురు పోతూ, పైన కష్టమవుతూ వస్తే గాలి ఎక్కడో కారుతోందేమో చూడాలి. వాటర్ కీని (గొట్టంలో చేరిన నీళ్లు వదిలే చిన్న మూత) వేలితో గట్టిగా అదిమిపట్టి అదే స్వరం మళ్లీ ఊదండి. స్వరం తేరుకుంటే దాని కార్కు అరిగిపోయినట్టే, మార్పించుకోవడం చిన్న పని. వాల్వులకు ఇంకో పరీక్ష ఉంది. ఏదీ నొక్కకుండా మొదటి వాల్వు స్లైడ్‌ని (దానికి తగిలించిన, లాగితే జరిగే గొట్టం) కొంచెం బయటికి లాగి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు వాల్వు నొక్కండి. ‘టప్’ అని వినిపిస్తే లోపల గాలి బిగువుగానే ఉంది. ఏ చప్పుడూ లేకపోతే వాల్వు అరిగిందో, నూనె లేక ఎండిందో అనుకోవాలి. ముందు నూనె వేసి మళ్లీ చూడండి. మిగతా రెండు స్లైడ్లనూ ఇలాగే చూడొచ్చు.

మౌత్‌పీస్‌ని వెలుతురుకు ఎత్తి రంధ్రంలోంచి చూడండి. ఒక పిల్లాడి మౌత్‌పీస్‌లో నాకు వెలుతురు సగమే కనిపించింది. రోజూ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అయ్యాక నోరు కూడా పుక్కిలించకుండా ప్రాక్టీసుకు వచ్చేవాడు. అతని ‘ఎండ్యూరెన్స్ ప్రాబ్లం’ బ్రష్షుతో రెండు నిమిషాల్లో తీరింది. ట్రంపెట్‌ని నెలకోసారి గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో కడగండి. మరిగే నీళ్లు వద్దు, పైపూత లేచిపోతుంది.

మొదటి నిమిషం నుంచే పలకకపోతే

లక్షణం ఇలా ఉంటుంది: మధ్యలో ఉండే ప, అంటే స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) రెండో గీత మీది జి ని గుసగుసలా మొదలుపెట్టబోతే ముందు ఉత్త గాలి వస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా ‘ఫట్’ మని స్వరం పుడుతుంది. గట్టిగా ఊదితే మాత్రం బాగానే వస్తుంది. ఆ బాగానే రావడమే మోసం. పెదాలు వాచి మందంగా ఉన్నాయి, వాటిని కదిలించడానికి ఎక్కువ గాలి కావాల్సి వస్తోంది. ఆ గాలితో ఇంకో గంట వాయిస్తే రేపటికి ఇంకాస్త వాపు.

దీని కారణం ఇవాళ్టి సాధకంలో వెతికితే దొరకదు. నిన్నో మొన్నో జరిగిపోయింది.

ఒక డిసెంబరులో మా చర్చి వాళ్లతో కలిసి సికింద్రాబాద్ వైపు క్యారల్స్‌కి వెళ్లాను. ఐదు రాత్రులు, ఇంటింటికీ, రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. గీజర్ వేసుకుంటే తప్ప స్నానం చేయలేని చలి. పగలు ఆఫీసు, సాయంత్రం క్రిస్మస్ ఆరాధనకు రిహార్సల్. 24న మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికింది. పడుకోవచ్చు కదా, లేదు. రేపు మొదటి పాటలో పై జి ఉంది, అది ఉందో పోయిందో చూసుకుందామని కూర్చున్నాను. ఉంది. మళ్లీ చూశాను, ఉంది. ఇంకోసారి అని ముప్పావు గంట చూశాను. 25 తెల్లవారి ఐదింటికి నా మొదటి స్వరం వంతు వచ్చినప్పుడు ట్రంపెట్‌లోంచి ఉత్త గాలి మాత్రమే బయటికి వచ్చింది. పక్కనున్న క్లారినెట్ అన్న నా వైపు చూడకుండా ఆ వరస తనే అందుకున్నాడు. ఆయన చూడకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడైతే ఆ ఉదయం ఏం చేస్తానంటే, ముందు నీళ్లు తాగుతాను. గుర్రం బుర్రుమన్నట్టు పెదాలను వదులుగా ఆడిస్తాను, రక్తం ఆడి కాస్త మెత్తబడతాయి. తర్వాత మధ్య జి నుంచి కిందికి, సన్నగా, ఒక్కో స్వరం నాలుగైదు సెకన్లు. ఐదు నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు పక్కన పెడతాను. పది, పదిహేను నిమిషాల్లో ఆ జి గుసగుసలా మొదలైతే ఆ రోజు సగం సాధకం చేసుకోవచ్చు. మొదలు కాకపోతే పెట్టెలో పెట్టేయాలి. కచేరీ తప్పనిసరి అయితే పై స్వరం ఇంకొకరికి అప్పగించాలి. ముందు రోజే చెప్పగలిగితే మరీ మంచిది, క్లారినెట్ వాళ్లు సంతోషంగా తీసుకుంటారు.

ఇలా జరగకుండా ఉండాలంటే బరువు రోజు పక్కన తేలిక రోజు పెట్టుకోవాలి. గట్టి రిహార్సలో, బరాతో అయిన మర్నాడు ఇరవై నిమిషాలకు మించి వద్దు, అదీ కింది స్వరాలు. బరువుగా వాయించిన రాత్రి పెట్టె మూసేముందు మూడు నిమిషాలు మంద్రంలో మెల్లగా ఊది ఆపండి. తిండి సంగతి నా అనుభవం మాత్రమే: రాత్రి పదకొండింటికి బిర్యానీ, దాంతో మిర్చీ కా సాలన్ తిన్న మర్నాడు నా పెదాలు ఉప్పుకీ కారానికీ ఉబ్బి ఉంటాయి. మీకు అలా కాకపోతే హాయిగా తినండి.

పావుగంట బాగుండి తర్వాత పడిపోతే

మా డాబా మీద పదిమందిలో ఏడుగురు ఇక్కడే దొరుకుతారు. మొదట స్వరం నిండుగా ఉంటుంది. పావుగంట దాటాక సన్నబడుతుంది, శ్రుతి పైకి పాకుతుంది, పెదాల పక్క నుంచి ‘స్‌స్’ మని గాలి కారుతుంది, పై స్వరాలు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. అందరూ చెప్పే కారణం పెదాల్లో బలం లేదని. బలం కోసం ఇంకా ఎక్కువ వాయిస్తారు.

అసలు కారణం చాలాసార్లు చేతుల్లో ఉంటుంది. ట్రంపెట్‌ని ముఖంలోకి నొక్కుతున్నారు. నోటి చుట్టూ ఆర్బిక్యులారిస్ ఓరిస్ అనే కండరం గుండ్రంగా ఉంటుంది, పెదాలను దగ్గరకు తెచ్చి పట్టేది అదే. అలసిపోగానే దాని పనిని చేతులు తీసుకుంటాయి. మౌత్‌పీస్ అంచు పెదవిని పళ్లకేసి అదుముతుంది, అక్కడ రక్తం ఆడదు, రక్తం ఆడని కండరం ఇంకా తొందరగా అలసిపోతుంది, చేతులు ఇంకా నొక్కుతాయి. ఒకసారి ఈ గుంటలో పడితే ఆ పూటకు పైకి రావడం కష్టం.

మీది ఇదేనా కాదా తేల్చుకోవడానికి అద్దం చాలు. వాయించడం ఆపగానే పై పెదవి మీద ఉంగరం గుర్తు చూడండి. లేత గుర్తు ఉండి కాసేపటికి పోతే మామూలే. లోతుగా, ఎర్రగా పడి అరగంటైనా పోకపోతే నొక్కుతున్నట్టే. ఇంకో పరీక్ష: ట్రంపెట్‌ని ఎడమ అరచేతిలో పళ్లెంలా ఊరికే నిలబెట్టుకుని, వేళ్లు చుట్టకుండా, మధ్య సి నుంచి పైకి ఒక్కో స్వరం వెళ్లండి. ఎక్కడ ఆగిపోతుందో అదే మీ నిజమైన తారస్థాయి. దాని పైవన్నీ చేతులు అప్పిచ్చినవి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు నాది స్టాఫ్ పై గీత మీది ఎఫ్ దగ్గరే ఆగింది. అప్పటిదాకా హై సి వాయించేవాణ్ననే అనుకున్నాను.

అసలు నొక్కకుండా వాయించాలని కొందరు చెబుతారు. అది కుదరదు. గాలి కారకుండా ఆనేంత ఒత్తిడి ఉండాలి, పైకి వెళ్తే కొంచెం పెరుగుతుంది కూడా. తగ్గించాల్సింది దాని పైన ఉన్నది.

పరిష్కారం కుడి చిటికెన వేలితో మొదలవుతుంది. ట్రంపెట్ మీద దానికి ఒక కొక్కెం ఉంటుంది. అందులో వేలు దూర్చి లాగడం ఎంత సులువో, ఎంత తెలియకుండా జరుగుతుందో చెప్పలేను. నెల రోజులు సాధకంలో ఆ వేలిని కొక్కెం మీద ఊరికే పెట్టండి, దూర్చకండి. ట్రంపెట్‌ని ఒంటి చేత్తో పట్టుకుని నడవడానికి, పేజీ తిప్పుకోవడానికి ఉపయోగపడేదే తప్ప, పై స్వరాలకు అది చేసే మేలేమీ లేదు.

రెండోది నోటి మూలలు. పిల్లలు బుడగ మూతిని రెండు పక్కలా సాగదీస్తే కీచుమంటుంది చూడండి, ఎంత సాగదీస్తే అంత పై స్వరం. మనం పెదాలతో అదే చేస్తాం, నవ్వినట్టు మూలలను చెవుల వైపు లాగుతాం. స్వరం పైకి పోతుంది, నిజమే. కానీ పెదవి పలచబడి, మౌత్‌పీస్ కింద కండ లేకుండా పోతుంది. దానికి బదులు సాసర్‌లో పోసుకున్న చాయ్‌ని ఊదుకునేటప్పుడు నోరు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పెదాలు ముందుకు గుమిగూడతాయి, మూలలు పళ్లకు ఆనుకుని కదలకుండా ఉంటాయి. అద్దం ముందు ట్రంపెట్ లేకుండా ఆ ఆకారాన్ని పట్టుకుని ముప్పై సెకన్లు ఊదండి. మూలల్లో చిన్న మంట పుడితే సరైన చోటే పని జరుగుతోంది.

మూడోది విశ్రాంతి, అందరూ వినీ విననట్టు వదిలేసేది ఇదే. ఎంతసేపు వాయించారో అంతసేపు దించి పెట్టుకోవాలి. రెండు నిమిషాలు వాయింపు, రెండు నిమిషాలు ఖాళీ. ఖాళీలో స్వరాలు పాడుకోండి, వేళ్లతో వాల్వులు ఆడించుకోండి, ఫోన్ చూసుకున్నా నేనేమీ అనను. పాట మధ్యలో రెండు మాత్రల విరామం దొరికినా మౌత్‌పీస్‌ని పెదాల నుంచి తీసేయండి, ఆనించి ఉంచకండి. ఆ రెండు సెకన్లలోనే పెదవికి రక్తం తిరిగి వస్తుంది. ఒకేసారి గంట కూర్చునే బదులు పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై, రాత్రి పది నిమిషాలుగా పంచుకోండి.

బ్యాండు మేళం వాళ్లు మూడు గంటల బరాత్ ఎలా నెగ్గుకొస్తారో ఈసారి దగ్గర నిలబడి చూడండి. పాతకాపులైతే ఇద్దరు ట్రంపెట్లు కలిసి అన్నీ వాయించరు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే ఇంకొకరు దించి, పెదాలు తుడుచుకుని, చరణానికి వస్తారు. గుర్రం ముందు డాన్సు చేసేవాళ్లకు ఆ తేడా తెలియనే తెలియదు.

కింది స్వరాలు బాగున్నాయి, పైన మాత్రమే పోతుంటే

పెదాలు అలవలేదు, గుర్తు పడలేదు, అయినా పై గ దాటగానే పీక నులిమినట్టు అవుతోంది. ఒక్కోసారి గొంతులోంచి చిన్న మూలుగు కూడా వినిపిస్తుంది. ఇది గాలి, నాలుక సమస్య.

గాలి పీల్చి, ఒక క్షణం బిగబట్టి, అప్పుడు ఊదుతున్నారేమో గమనించండి. పై స్వరం వస్తోందంటే భయం, ఆ భయానికి ఊపిరి ఆగుతుంది. ప్రాణాయామంలో పూరకానికీ రేచకానికీ నడుమ కుంభకం ఉంటుంది. ట్రంపెట్‌లో అది ఉండకూడదు. ఊయల పైకి వెళ్లి ఆగకుండా వెనక్కి వచ్చినట్టు, లోపలికి వచ్చిన గాలి అదే ఊపులో బయటికి పోవాలి. ట్రంపెట్ పక్కన పెట్టి, ఒక కాగితం ముక్కను గోడకు ఆనించి ఊపిరితో పడిపోకుండా నిలబెట్టండి. బిగబట్టి ఊదితే మొదటి క్షణంలోనే జారుతుంది, మీకే తెలిసిపోతుంది.

నాలుక విషయం ఈల వేయగలిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. కింది స్వరం నుంచి పైకి ఈల వేయండి, పెదాలు దాదాపు కదలవు, నోటి లోపల నాలుక ‘ఆ’ నుంచి ‘ఈ’ కి లేస్తుంది. ట్రంపెట్‌లోనూ కింద ‘తా’, పైన ‘తీ’. వాల్వులు నొక్కకుండా ప నుంచి పై స కి, అక్కడి నుంచి గ కి, మళ్లీ వెనక్కి, నాలుకతో కొట్టకుండా జారండి. ఇది సన్నగా చేయాలి, గట్టిగా చేస్తే నాలుక పనిని గాలి మింగేస్తుంది.

తారస్థాయి పెంచుకోవాలంటే ఒక్కో అరస్వరమే. ఇవాళ గుసగుసలా నిలబెట్టగలిగిన స్వరం మీది, దాని పై అరస్వరం రేపటి పని. రెండుసార్లు జారితే ఆ పూటకు అక్కడ ఆపేయాలి. మూడోసారికి దిగితే అది సాధకం కాదు, పంతం.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది: పై స్వరాలు వస్తాయి, కింది స్వరాలు పలకవు, బుడబుడమంటాయి. పైకోసం బిగించిన నోటినే కిందికీ వాడుతున్నారు. వారంపాటు సాధకాన్ని స్టాఫ్ కింది సి నుంచి ఇంకా కిందికి, పెదాలు వదిలి, మొదలుపెట్టండి. మామూలుగా వారంలోనే సర్దుకుంటుంది.

ఇంట్లో బాగుంది, బయటికెళ్తే పోతుంది

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ల భయానికి ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గడానికి ట్రంపెట్ ముందు వైపు దూర్చే బిరడా) పెట్టుకుని వాయిస్తాం. మ్యూట్ గాలిని వెనక్కి నెడుతుంది, ఆ ఎదురు ఒత్తిడి మీద ఆనుకుని ఊదడం అలవాటవుతుంది. తీసేసి వాయిస్తే ఆనుకున్న గోడ తీసేసినట్టు ఉంటుంది. మ్యూట్ వద్దనను, మాకూ కింద ఫ్లాట్లో బోర్డు పరీక్షల పిల్ల ఉంది. కానీ వారంలో రెండు మూడు పూటలు తెరిచి వాయించే చోటు వెతుక్కోండి. ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద తెల్లవారుజామున అయితే నడకకు వచ్చే పెద్దాయనలు ఆగి వింటారు, ఒకాయన ఘంటసాల పాట ఏదైనా వాయించమని కూడా అడుగుతారు.

బోనాల ఊరేగింపులోనో, నిమజ్జనంలోనో, డీజే బండి పక్కనో వాయిస్తుంటే సమస్య వేరు. గోడలు లేవు కాబట్టి మన శబ్దం మనకు తిరిగి రాదు. వినపడటం లేదని గట్టిగా ఊదుతాం, పది నిమిషాల్లో ఖాళీ అవుతాం. ఒక చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే మన స్వరం తల లోపల వినిపిస్తుంది, ఊదుడు దానంతటదే తగ్గుతుంది. ఎటూ ఆ డీజే పక్కన చెవులకు కూడా అది మేలు.

వాతావరణం సంగతి చాలామంది పట్టించుకోరు. ట్రంపెట్ లోపలి గాలి చల్లగా ఉంటే శ్రుతి దిగుతుంది, వేడిగా ఉంటే ఎక్కుతుంది. కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. డిసెంబరు రాత్రి పద్నాలుగు డిగ్రీల చలిలో పాట పాటకూ మధ్య ట్రంపెట్ చల్లబడి, శ్రుతి దిగి, దాన్ని కీబోర్డుకు కలపడానికి పెదాలను పిండుతాం. నా క్యారల్స్ రాత్రుల్లో సగం అలసట అక్కడే పోగైంది. ఖాళీగా ఉన్నప్పుడు వాల్వులు చేతుల్లో కప్పి పట్టుకుని, వాయించకుండా మెల్లగా వెచ్చటి ఊపిరి పంపుతూ ఉండండి. ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే గొట్టం) కాస్త లోపలికి నెట్టండి. మే నెలలో మధ్యాహ్నం పెళ్లి అయితే దీనికి తిరగేసి, స్లైడ్ బయటికి లాగాలి, పెదాలతో దించకూడదు.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనది బి ఫ్లాట్ ట్రంపెట్, అంటే మన సి కీబోర్డు మీది బి ఫ్లాట్‌గా పలుకుతుంది, కాబట్టి కీబోర్డు డి అంటే మనం ‘ఈ’ వాయించాలి. పాడేవాళ్లు ఇవాళ గొంతు బాగుందంటే కీబోర్డు అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి శ్రుతి పెంచేస్తాడు. ఆ బటన్ మనకు పెదాల మీద ఉంటుంది. రిహార్సల్‌లో బాగా వచ్చిన పాట స్టేజీ మీద విరిగితే ముందు శ్రుతి మారిందా అని అడగండి. అరస్వరం దించమని అడగడంలో నామోషీ ఏమీ లేదు. గాయకులు రోజూ అడుగుతారు.

కొత్త మౌత్‌పీస్, కొత్త పన్ను

తక్కువ లోతున్న మౌత్‌పీస్ కొంటే మొదటి మూడు రోజులు పై స్వరాలు పూల వాన కురిపిస్తాయి. రెండో వారంలో స్వరం పలచబడుతుంది, తర్వాత ఓపిక కూడా తగ్గుతుంది. మీ పాత మౌత్‌పీస్‌తో అరచేతి పరీక్షలో ఎక్కడ ఆగారో రాసుకోండి, కొత్తదానితో నెల తర్వాత మళ్లీ చూడండి. తేడా లేకపోతే డబ్బు పెదాలకు కాదు, షాపుకు వెళ్లినట్టు. మార్చినా ఒక్కటే మార్చండి. ట్రంపెట్, మౌత్‌పీస్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు.

ముందు పళ్లకు ఏ పని చేయించుకున్నా మీరు ట్రంపెట్ వాయిస్తారని డెంటిస్ట్‌కు ముందే చెప్పండి, వీలైతే పళ్ల అచ్చు తీయించి ఉంచుకోండి. మత్తు ఇంజెక్షన్ ప్రభావం దిగి పెదవికి స్పర్శ పూర్తిగా వచ్చేదాకా మౌత్‌పీస్ ముట్టుకోవద్దు. తెలియకుండా ఎంత నొక్కుతారో మీకే తెలియదు.

నొప్పి ఉంటే

అలసట వేరు, నొప్పి వేరు. మూలల్లో మంట పుట్టి, పది నిమిషాలు ఆపితే తగ్గితే అది అలసట. పెదవిలో ఒకే చోట సూదిలా గుచ్చినా, రోజుల తరబడి తిమ్మిరి ఉన్నా, వాయిస్తుండగా ఏదో తెగినట్టు అనిపించి ఆ తర్వాత ఆ పక్క పెదవి బిగియకపోయినా ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పెదవి చుట్టూ ఉన్న ఆ గుండ్రటి కండరం నిజంగానే చిట్లగలదు. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదాలతో పడిన బాధ వల్ల వైద్యులు దాన్ని ఆయన ముద్దుపేరుతో సాచ్‌మో సిండ్రోమ్ అంటారు. ఇంకో జాజ్ ట్రంపెట్ దిగ్గజం ఫ్రెడ్డీ హబ్బర్డ్ అంతటివాడికి 1992లో పై పెదవి చిట్లి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఆ తర్వాత మునుపటిలా వాయించలేకపోయాడు.

నొప్పే లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే పెదవి దానంతటది వణికి మాట వినకపోతే అది సాధకంతో నెగ్గేది కాదు, న్యూరాలజిస్ట్ చూడాలి. పై స్వరాల దగ్గర కళ్లు బైర్లు కమ్మితే వెంటనే దించి కూర్చోండి. మళ్లీ మళ్లీ అవుతుంటే బీపీ చూపించుకోండి.

జ్వరం తర్వాత, పరీక్షల తర్వాత

వానాకాలం వచ్చిందంటే మా డాబా సగం ఖాళీ, వైరల్ ఫీవర్లూ డెంగ్యూలూ. మూడు వారాల తర్వాత తిరిగి వచ్చి, మొదటి రోజే వదిలిన పాట దగ్గర మొదలుపెడతారు. మొదటి రోజు ఆశ్చర్యంగా బాగానే వస్తుంది, పెదాలు బాగా విశ్రాంతి తీసుకుని ఉన్నాయి కదా. రెండో రోజు సగం, మూడో రోజు ఏమీ లేదు. జ్వరం వల్ల లిప్ పోయిందంటారు. పోయింది మొదటి రోజు సాయంత్రం.

జ్వరం పూర్తిగా తగ్గి, నీరసం పోయాక, మొదటి వారం పూటకు పది నిమిషాల చొప్పున రోజుకు రెండు పూటలు. కింది స నుంచి పై స దాకానే, సన్నగానే. బాగా వస్తున్నా సరే గడియారం చూసి ఆపేయండి. రెండో వారం పదిహేను నిమిషాలు, వాల్వులు లేకుండా జారుడు స్వరాలు కలపండి, గ దాకా వెళ్లొచ్చు. మూడో వారం పాటలు, కానీ శ్రుతి ఎక్కువ లేనివి. పై జి జోలికి నాలుగో వారంలో వెళ్లండి, అదీ అరచేతి పరీక్ష పెట్టి, ఎక్కడ ఆగిందో తేదీతో సహా గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాక. ఈలోగా ఎవరైనా బరాత్‌కు పిలిస్తే సెకండ్ ట్రంపెట్ అయితే వస్తానని చెప్పండి. చరణాలు వాళ్లకు వదిలేసి పల్లవి వెనకాల నిలబడితే చాలు, కూలి ఇద్దరికీ ఒకటే.